రంగం గంగులు జగన్నాధంగా ఆడిన ఫైనలు

1967 వేసవిలో గజపతినగరంలో నరసింగరావుగారి నూనె మిల్లుకి కొత్త కళాసీ ఒకడు వచ్చాడు. ముప్ఫై దాటిన మనిషి. పొట్టిగా, నల్లగా, గుబురు మీసంతో ఉండేవాడు. పేరు గంగులు. నేను అదే మిల్లులో కాటా దగ్గర బస్తాలు తూయించేవాణ్ణి. సాయంత్రాలు మిల్లు ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్ని, కెప్టెన్ని. ఆ కెప్టెన్ ఎలాంటివాడో చెప్పకుండా గంగులు కథ చెప్పడం కుదరదు కనక నా సంగతి కూడా ఇందులో వస్తుంది.

మిల్లు వెనక బీడులో మేం ఆడుతుంటే గంగులు నాలుగు రోజులు గట్టు మీద కూచుని చూశాడు. అయిదో రోజు లేచి నా దగ్గరికొచ్చాడు.

“సోములు బాబూ, మీ లెఫ్టవుటుకి ఎడంకాలు నేదేటి?”

మా లెఫ్టవుట్ జగన్నాధం. నరసింగరావుగారి మేనల్లుడు, ఇరవై రెండేళ్ళవాడు. అతని ఎడమకాలు నడవడానికే తప్ప ఆటకి పనికిరాదని అందరికీ తెలుసు. పైకి అన్నవాడు లేడు.

“ఆట గురించి నీకేం తెలుసు?” అన్నాను.

“రంగంలో ఆడేవోణ్ణండి. పదేళ్ళు జీతానికాడేను.”

అందరూ గొల్లుమన్నారు. మా వైపు రంగూన్‌ని రంగం అంటారు. వెళ్ళొచ్చిన ప్రతివాడూ అక్కడ తనకి రెండు మేడలూ, ఓ గుర్రబ్బండీ ఉండేవని చెప్పుకోవడం మామూలే. కానీ ఆటకి జీతం అన్నవాణ్ణి అంతవరకూ మేం చూడలేదు. నవ్వులాటకి పది నిమిషాలు ఆడమన్నాం. పంచె ఎగ్గట్టి దిగాడు. ఎడమ గీత పక్కనుంచి వంగి పరుగెత్తుతుంటే బంతి వాడి పాదానికి అంటుకున్నట్టే ఉంది. ముగ్గుర్ని దాటి, తలెత్తకుండానే గోలు ముందుకి వేశాడు. మా సెంటర్ ఫార్వర్డ్ నెత్తికి తగిలి గోల్లో పడింది. అలా మూడుసార్లు. మూడోసారి సెంటర్ ఫార్వర్డ్ నెత్తి తడుముకుంటూ, “నేను కొట్టలేదురా, అదే వచ్చి తగుల్తోంది” అన్నాడు. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు.

గంగులు సంగతంతా టీ కొట్టు దగ్గర ముక్కలు ముక్కలుగా విన్నాను. సొంతూరు భోగాపురం అవతల ముక్కాం, సముద్రపుటొడ్డు. తండ్రి ఎర్రన్న రంగం రేవులో కూలీ. యుద్ధం అయిపోయాక తిరిగి వెళుతూ పదేళ్ళ గంగుల్ని వెంట తీసుకెళ్ళాడు. రేవు గిడ్డంగుల మధ్య ఆడుతున్న కుర్రవాణ్ణి ఒక టేకు కంపెనీ జట్టు మేనేజరు చూశాడు. పద్దెనిమిదో ఏట జట్టులో వేసుకున్నాడు. అప్పటినుంచీ గంగులు బరువు మోయలేదు. ఆడడమే కొలువు. నెలకి జీతం, రెండు జతల బూట్లు, పొద్దున్నే పాలూ గుడ్లూ. పెనాంగు వెళ్ళి ఆడొచ్చాడు, సింగపూరు వెళ్ళి ఆడొచ్చాడు. మేనమామ కూతురు దానమ్మని అక్కడే పెళ్ళాడాడు.

“ఆదోరం ఆటుంటే రేవు రేవంతా కదిలొచ్చీది బాబూ. మన తెలుగోలొక పక్క, బర్మావోలొక పక్క. ఇద్దరూ నా పేరే అరిసీవోరు.”

1964లో ఆ దేశపు గాలి మారింది. పరాయివాళ్ళు పోవాలన్నారు. ఓ పొద్దున మైదానం దగ్గర బోర్డు మీద ఆటగాళ్ళ పేర్లు అంటించారు. పదకొండింట్లోనూ గంగులు లేడు. మేనేజర్ని అడిగాడు. ఆయన నేలచూపులు చూస్తూ, “నువ్వు కలావి కదా” అన్నాడు. కలా అంటే వాళ్ళ మాటలో ఇండియావాడు. పదేళ్ళూ వాడి భుజమ్మీద చెయ్యేసి నడిచిన మనిషి ఆ మాటన్నాడు. ఓడెక్కేటప్పుడు రేవులో తనిఖీ చేసినవాళ్ళు పతకాలు లాక్కున్నారు. అవి బంగారం కాదురా నాయనా, పూతే అన్నా వినలేదు. విశాఖపట్నంలో దిగి, ఆర్నెల్లు శిబిరంలో ఉండి, ముక్కాం వస్తే చిన్నాన్న కొడుకులు గుమ్మంలోనే నిలబెట్టి, “ఏటి బర్మావోడా, వాటాకొచ్చేవేటి?” అన్నారు.

ఇది చెప్పినప్పుడు గంగులు టీ గ్లాసు బల్ల మీద ఎంత గట్టిగా పెట్టాడంటే అడుగు ఊడిపోయింది. “అక్కడ కలా, ఇక్కడ బర్మావోడు. మరి నానెవుణ్ణి బాబూ?” అన్నాడు. టీకొట్టువాడికి గ్లాసు సంగతి సర్దిచెప్పి లేచాను.

ఆ ఏడు విజయనగరంలో కొత్తగా ఒక కప్పు పెట్టారు. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల జట్లు రావచ్చు. షరతొకటే, ఆటగాళ్ళు స్థానికులై ఉండాలి, కాగితం చూపించాలి. గంగులు దగ్గరున్నవి శిబిరం వాళ్ళిచ్చిన కాగితాలు. వాటిలో రంగూన్ నుంచి వచ్చాడని ఉంది తప్ప ముక్కాంలో పుట్టాడని లేదు. పుట్టుక రాసిన పాత పుస్తకం చెదలు తినేసిందని మునసబు చేతులెత్తేశాడు.

నరసింగరావుగారు మా ఇద్దర్నీ ఇంటికి పిలిపించారు. ఆయన కుర్చీలో కూచున్నారు, జగన్నాధం స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

“చూడు గంగులూ,” అన్నారాయన, “ఈ ఒక్క కప్పుకీ మా జగన్నాధం పేరు మీద ఆడు. వాడికో సర్కారు ఉద్యోగం వచ్చేలా ఉంది, ఆటగాడని సర్టిఫికెట్టుంటే చాలు. నీకు ఆట దొరుకుతుంది, వాడికి కాగితం దొరుకుతుంది. వచ్చే ఏడికి నీ కాగితాలు నేను పుట్టిస్తాను.”

“నాకు పేరున్నాది కదండీ బాబూ.”

“కాగితం లేని పేరు ఏం చేసుకుంటావు? ఉప్పేసి ఎండబెడతావా?”

గంగులు నా వేపు తిరిగాడు. “మీరేటంతారు, కేప్టెను బాబూ?”

“ఆట ముఖ్యం గంగులూ. పేరుదేముంది?” అన్నాను. అదేదో పెద్ద తెలివైన మాటనుకున్నాను అప్పుడు. నా పేరు ఎవడూ అడగలేదు కనక నోట్లోంచి అంత సులువుగా వచ్చింది.

వాడు ఒప్పుకున్నది భయపడి కాదు. మూడేళ్ళుగా బరిలో దిగలేదు. ఆకలేసినవాడు పళ్ళెం ఎవరిదని అడగడు.

ఇరవై రెండేళ్ళ జగన్నాధంలా కనపడాలని వాడి మీసం తీయించారు. మర్నాడు దానమ్మ మిల్లు గేటు దగ్గరికొచ్చి, ఎండుచేపల గంప దింపి, నన్ను పట్టుకుని కడిగేసింది.

“ఎవుడు సచ్చేడని మా మావ మీసం తీయించేరు? ఆల బాబు సచ్చినప్పుడు తీసేడు, మల్లీ ఇప్పుడు. ఏటి బాబూ, ఎవుడు సచ్చేడు సెప్పండి!”

“కప్పు అయిపోయాక మళ్ళీ పెరుగుతుందమ్మా,” అన్నాను.

“మీసం పెరుగుతాది,” అని గంప నెత్తికెత్తుకుంది. ఇంకేదో అనబోయి, చెప్పి ప్రయోజనం లేదన్నట్టు చూసి వెళ్ళిపోయింది.

నాలుగు ఆటలు గెలిచాం. ఏడు గోల్సు గంగులువే. ప్రతి గోలుకీ మైకులో “జగన్నాధం! జగన్నాధం!” అని అరిచేవారు. పేపర్లో కూడా అదే పేరు పడింది. ఆ కాగితం ముక్క నరసింగరావుగారు కత్తిరించి దాచారు. తిరిగొచ్చే లారీలో అందరం పాటలు పాడుతుంటే గంగులు తలుపు పక్కన కూచుని మీసం లేని పెదవి రుద్దుకుంటూ ఉండేవాడు. జగన్నాధం ఒకసారి వాడి పక్కకెళ్ళి ఏదో చెప్పబోయాడు. గంగులు లేచి ఇటువేపు వచ్చి కూచున్నాడు.

ఫైనలు 1968 ఫిబ్రవరిలో, విజయనగరంలో, శ్రీకాకుళం జట్టుతో. మైదానం చుట్టూ జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. నా గోలు వెనక దానమ్మ, ముక్కాం ఆడవాళ్ళు మరో ఇద్దరు, సంతలో చేపలమ్ముకుని వచ్చి కూచున్నారు. జగన్నాధాన్ని ఎవరైనా గుర్తుపడతారేమోనని నరసింగరావుగారు అతన్ని పందిట్లో కుర్చీల వెనక కూచోబెట్టారు.

ఇరవయ్యో నిమిషంలో గంగులు గోలు కొట్టాడు. ఎడమకాలితో, పాతిక గజాల దూరం నుంచి. కీపరు కదలనే లేదు. మైకు “జగన్నాధం!” అని అరుస్తుండగానే గీత పక్కనుంచి ఒక ముసలి గొంతు లేచింది.

“ఒరే గంగులూ! రంగం గంగులూ! నువ్వేనేటిరా?”

బక్కచిక్కిన ముసలివాడు, తాటాకు గొడుగు విసిరేసి గీత దాటి లోపలికొచ్చేశాడు. గంగరాజట ఆయన పేరు, ఆ తరవాత తెలిసింది. రంగం రేవులో ఎర్రన్నతోపాటు మూటలు మోసిన మనిషి. ఆదివారం ఆదివారం గంగులు ఆట చూసినవాడు. ముఖం పోల్చుకోలేదు, ఆ ఎడమకాలిని పోల్చుకున్నాడు.

“నానురా, గంగరాజుని! మీ బాబు జతగాణ్ణి! బతికున్నావేటిరా నాయినా!” అని రెండు చేతులూ చాచాడు.

అందరూ చూస్తున్నారు. పందిట్లో నరసింగరావుగారు లేచి నిలబడ్డారు. గంగులు ముసలాయన్ని చూశాడు, పందిరి వేపు చూశాడు. తల వంచుకుని, “నాను కాను తాతా. ఎవుర్ని సూసి ఎవురనుకున్నావో,” అన్నాడు.

ఈలోగా మిల్లు మనుషులిద్దరు వచ్చి ముసలాయన్ని రెక్కలు పట్టుకుని ఈడ్చారు. “తాగొచ్చాడు, తాగొచ్చాడు” అని జనానికి చెప్పారు. ఆయన తాగలేదు. “నా కళ్ళు పోలేదురా! ఆడు గంగులేరా!” అంటూనే ఉన్నాడు. జనానికి అడ్డంగా కట్టిన తాడు అవతలికి తోసేస్తే మోకాళ్ళ మీద పడ్డాడు. పడ్డవాడు అక్కణ్ణుంచి కూడా గంగులు వేపే చూస్తున్నాడు, కోపంగా కాదు, నిజంగానే పొరపడ్డానా అని అనుమానంగా.

ఆ చూపు గంగులు చూశాడు. తరవాత పది నిమిషాలు వాడి కాళ్ళకి బంతి తగిలితే ఒట్టు. మేం ఇచ్చిన బంతి ఇచ్చినట్టే పక్కనుంచి పోయేది. బంతి గీత దాటి ఆట ఆగినప్పుడు వాడు తిన్నగా రిఫరీ దగ్గరికి నడిచాడు. రిఫరీ వాల్తేరు నుంచి వచ్చిన పెద్దాయన, ఎవరి మనిషీ కాదు.

“అయ్యా, తవరి పుస్తకంలో నా పేరు తప్పుగా ఉన్నాది. నా పేరు గంగులు. మా బాబు పేరు ఎర్రన్న. మాది ముక్కాం. జగన్నాధం బాబు అదుగో, ఆ పందిట్లో ఉన్నాడు.”

రిఫరీ ఈల ఊది ఆట ఆపేశాడు. నన్ను పిలిచాడు. గోలు దగ్గర్నుంచి మైదానం మధ్యకి నేను నడిచిన ఆ యాభై గజాలూ ఇప్పటికీ నా కాళ్ళకి తెలుసు.

“నువ్వు కెప్టెన్‌వి. ఇతనెవరు?”

గంగులు నాకేసే చూస్తున్నాడు. బతిమాలే చూపు కాదు. ఉన్న సంగతి చెప్తానని నమ్మినవాడి చూపు. వాడి వెనక పందిట్లో నరసింగరావుగారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. మిల్లు ఆయనది. నా కొలువు ఆయనది. మా నాన్న కౌలుకి చేస్తున్న రెండెకరాలూ ఆయనవే.

“జగన్నాధమేనండి. ఎండకి తల తిరిగినట్టుంది,” అన్నాను.

గంగులు అనాల్సింది దానమ్మ అంది. గోలు వెనకనుంచి చీర దోపుకుని, మైదానం మధ్యకి వచ్చేసింది. ఆవిణ్ణి ఆపడానికి వచ్చిన మిల్లు మనిషి గంప దెబ్బ తిని పక్కకి తప్పుకున్నాడు.

“ఎవుడ్రా జగన్నాధం? ఈడు జగన్నాధమైతే నా మెళ్ళో ఈ పుస్తె కట్టినోడెవుడు? సెప్పవయ్యా కేప్టెనూ! జగన్నాధమే నా పెనిమిటైతే మంచిదే. ఓ నరసింగరావు బాబూ! మీ మేనల్లుణ్ణి తోలండి, ముక్కాం తీసికెల్లి వల లాగిస్తాను! ఈ పూట నుంచే కాపరానికి రమ్మనండి!”

జనం ఒక్కసారిగా విరగబడి నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మోకాలు చీరుకుపోయిన గంగరాజు తాడు దగ్గర నిలబడి, “సెప్పేను కాదేటి! నాను తాగినేదు, సెప్పేను కాదేటి!” అని ఏడుస్తున్నాడు. అది వినగానే నవ్వు అరుపులయింది. పందిరి మీద మట్టిబెడ్డలు పడ్డాయి. జగన్నాధం కుర్చీల వెనకనుంచి లేచి ఎటో పారిపోయాడు.

రిఫరీ పుస్తకం మూసేసి కప్పు శ్రీకాకుళం వాళ్ళదని చెప్పేశాడు. గంగులు చొక్కా విప్పాడు. నా ముఖాన కొట్టాడు.

“ఇది జగన్నాధం బాబు సొక్కా. ఆరికియ్యి.”

వట్టి ఒంటితో నడుచుకుంటూ తాడు దాటి గంగరాజు దగ్గరికెళ్ళి, ముసలాయన మోకాలికి అంటిన మట్టి చేత్తో తుడిచాడు. ముగ్గురూ కలిసి వెళ్ళిపోయారు. మిల్లుకి మళ్ళీ రాలేదు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. వారం తిరక్కుండా నరసింగరావుగారు కప్పు నడిపే సంఘానికి ఒక ఉత్తరం రాయించారు. గంగులనే బర్మా మనిషి తన పేరు జగన్నాధమని చెప్పి క్లబ్బుని మోసం చేశాడట. అతని అసలు పేరు జట్టులో ఎవరికీ తెలియదట. కింద పదిమంది సంతకాలు కావాలి. కెప్టెన్ని కనక మొదటి సంతకం నాది. పెట్టాను. చెయ్యి వణకలేదని కూడా చెప్పాలి, ఎందుకంటే వణికిందని రాస్తే నన్ను కాస్త మంచివాడనుకుంటారు.

సంఘం క్లబ్బుని క్షమించింది. గంగులు ఇంక ఏ పోటీలోనూ ఆడకూడదని తీర్పిచ్చింది. ఏడు గోల్సు కొట్టాడన్న పేపరు ముక్క చూపించి జగన్నాధం ఉద్యోగంలో చేరాడు.

1969 వానాకాలంలో నరసింగరావుగారు నన్ను మళ్ళీ పిలిచారు. జట్టు వరసగా ఓడిపోతోంది. సంఘంలో ఇప్పుడు ఆయన మాట చెల్లుతోంది. “ఆ పల్లెవాడు తప్పయిందని సంతకం పెడితే చాలు, నిషేధం ఎత్తించేస్తాను. సొంత పేరు మీదే ఆడుకోమను. నువ్వెళ్ళి పట్రా,” అని టైపు కొట్టించిన కాగితం ఇచ్చారు.

గంగులు ముక్కాం ఒడ్డునే గుడిసె వేసుకున్నాడని విని, భోగాపురంలో బస్సు దిగి నడిచాను. నిజానికి నేను మేలు చేయడానికి వెళుతున్నానని అనుకున్నాను. గంగులు ఇసకలో కూచుని వల చిరుగుకి ముడులు వేస్తున్నాడు, పక్కన మరో ఇద్దరు మనుషులు. మీసం మళ్ళీ గుబురుగా ఉంది. నన్ను చూసి లేవలేదు.

“ఏటిలాగొచ్చేవు, సోములూ?”

బాబూ పోయింది. మీరు పోయింది. కాగితం చదివి వినిపించమన్నాడు. చదివాను. “నేను చేసిన మోసానికి క్షమించవలెనని” అన్నచోట ఆపి, మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. గుడిసె గుమ్మంలో నిలబడి వింటున్న దానమ్మ తుపుక్కున ఉమ్మింది.

“నానెవుర్ని మోసం సేసేను? గంగరాజు తాతని సేసేను. ఆడి కాల్లట్టుకుని తప్పయిందన్నాను. ఇంకెవుడికి సెప్పాలి?” అన్నాడు గంగులు. లేచి గుడిసెలోంచి బంతి తెచ్చాడు. కుట్లూడి మళ్ళీ కుట్టిన తోలుబంతి. ఒడ్డున ఆరబెట్టిన రెండు తెప్పల్ని చూపించాడు. “ఎల్లి ఆ మద్దిన నిలబడు.”

నిలబడ్డాను. పదిహేను గజాల నుంచి కొట్టడం మొదలెట్టాడు. ఎడమకాలితో, ఒకదాని తరవాత ఒకటి. ఆటలో అలా కొట్టగా నేనెప్పుడూ చూడలేదు. రొమ్ము మీద తగిలింది, డొక్కలో తగిలింది. వల పక్కనున్నవాళ్ళు బంతి తిరిగి అందిస్తున్నారు. చేతులు చాచి ఒకటి ఆపాను, కుడిచేతి చిటికెన వేలు టక్కుమంది. ఆగమని నేను అనలేదు. వాడు ఆగలేదు. వెలుగు తగ్గి బంతి కనిపించకుండా పోయేదాకా కొట్టాడు. వాడి ముఖమంతా తడి. చెమటో ఏమో నేను దగ్గరికెళ్ళి చూడలేదు.

“సేతులు బాగానే ఆడతన్నాయి నీకు,” అన్నాడు రొప్పుతూ. “ఆ పొద్దు నోరేటయ్యింది?”

“భయమేసింది గంగులూ.”

“నాకెయ్యలేదేటి?”

దానమ్మ నా వేలికి గుడ్డ చుట్టింది. చుడుతున్నంతసేపూ తిడుతూనే ఉంది. అన్నం తినెళ్ళమంది. గంగులు “ఎల్లనీ,” అన్నాడు. నేను వచ్చేశాను.

మర్నాడు నరసింగరావుగారికి ఆ కాగితం తిరిగిచ్చాను. సంతకం పెట్టనన్నాడని చెప్పాను. పాత ఉత్తరంలో నా సంతకం అబద్ధమనీ, గంగులు పేరు మొదటి రోజు నుంచీ నాకు తెలుసుననీ, జగన్నాధం పేరు ఎవరు పెట్టించారో కూడా సంఘానికి రాసి పోస్టు చేశానని చెప్పాను. ఆయన కోప్పడతారని అనుకున్నాను. నవ్వారు.

“ఎవడు చదువుతాడ్రా అది?”

కాటా దగ్గర పని ఆ రోజే పోయింది. ఆ సాలుతో నాన్న కౌలు కూడా పోయింది. ఏడాది దాటింది, సంఘం నుంచి ఇవాళ్టిదాకా జవాబు లేదు. మొన్న నెల్లిమర్లలో ముక్కాం మనిషొకడు కనిపిస్తే అడిగాను. గంగులు చేపల వేటకెళుతున్నాడట. ఆదివారాలు తెప్పల వాళ్ళతో ఇసకలో ఆడతాడట. నేను పంపిన ఉత్తరం సంగతి వాడికి చెప్పమన్నాను. చెప్పాడో లేదో తెలీదు. చెప్పినా, రెండేళ్ళు ఆలస్యంగా వచ్చిన మాటకి వాడేమంటాడో నాకు తెలుసు.